గుర్తుకు జానెడు దిగువ

ఆ వీధిలో యాభైనాలుగు ఇళ్లుంటే, నలభైయొక్క ఇళ్లకు పునాది మట్టం చూసినవాడు మేస్త్రి. తాపీ పట్టి గోడలు లేపినవారు వేరే ఉన్నారు, కప్పులు పోసినవారు వేరే ఉన్నారు. కాని గడప ఎంత ఎత్తున నిలపాలి, పెరటి నీరు ఏ మూలకు పారాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం అందరూ ఆయన గుమ్మం తొక్కినవారే. ఇతరుల చొక్కా జేబులో కలం ఉండే చోట ఆయనకు మట్టం చూసే చిన్న రసమట్టం ఉండేది. అందుచేత రసమట్టం మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది. ఎదుటనే ఎవరైనా అలా పిలిస్తే ఆయన నొచ్చుకునేవాడు కాడు. మనిషి మాటకు వంకర ఉండవచ్చును గాని నీటి మాటకు ఉండదని, తాను ఆ రెండో పక్షం వాడినని చెప్పుకునేవాడు.

నగరం అంచున, చివరి బస్సు వెనుదిరిగే మలుపుకు ఇవతల, ఏటవాలు నేల మీద ఆ వీధి అడ్డంగా సాగుతుంది. వాలుకు పైన ఉన్నది ఎగువ వరుస, కింద ఉన్నది దిగువ వరుస, నడుమ మట్టిదారి. బావులే గతిగా ఉన్న రోజులలో వచ్చినవారు నీరు అందుతుందని దిగువన స్థలాలు కొన్నారు. కొళాయిలు వచ్చిన తరువాత వచ్చినవారు గాలి బాగుంటుందని ఎగువన కొన్నారు. ముందు వచ్చినవారికి గడపలు పొట్టివి, తరువాత వచ్చినవారికి పొడుగువి. ఎగువవారు తమ ఎత్తు గుమ్మాలకు ఎక్కిరావడానికి మెట్లూ, బండ్లు ఎక్కించడానికి వాలుబల్లలవంటి సిమెంటు కట్టడాలూ కట్టుకుని, ఒక్కొక్కరు గజమేసి వీధిలోకి జరిగారు. ఎవరూ ఏమీ అనలేదు. వీధి ఎవరిది గనుక అనడానికి?

నగరవాసులకు వారు శివారువాళ్లు. ఆ మాటలో ఉన్న చిన్నచూపు అందరికీ సమానంగా తగిలేది గనుక, ఎగువ దిగువలు ఒకే జట్టుగా ఉండేవి. మేస్త్రి దీనికి తనదైన నిర్వచనం ఒకటి చెప్పేవాడు: ఒకరి కప్పు మీద పడిన వాన మరొకరి వాకిట మీదుగా పోయే ఇళ్లన్నీ ఒక ఊరు. కాగితం మీద గీసిన గీతలు ఊరు కావు.

కొన్నేళ్లకు ఆ శివారును నగరపాలక సంస్థలో కలిపారు. ఇంటిపన్ను ఒక్కసారిగా పెరిగింది. మాజీ బస్సు కండక్టరు ఒకాయన, దిగువ వరుస చివరి ఇంటివాడు, పన్ను కాగితాన్ని టీ దుకాణం బల్ల మీద పరచి అందరికీ చదివి వినిపించాడు. తన ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో టిక్కెట్టు కొనకుండా బస్సెక్కినవాళ్లను ఎందరినో చూశాడట. బస్సే రాని దారికి టిక్కెట్టు కోయించుకున్నవాళ్లను మాత్రం ఇప్పుడే చూస్తున్నాడట. దుకాణమంతా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. పన్ను అంటే పునాదిలో పోసే రాయి వంటిదని, అది కంటికి కనబడదని, కనబడదు గదా అని మానేస్తే గోడ మాట తరువాత చూసుకోవలసి వస్తుందని ఆయన వాదించాడు. కట్టినవాడికే అడిగే నోరుంటుందన్నాడు. ఆయన ఇంటిపన్ను ఏనాడూ గడువు దాటలేదు.

ఆ తరువాత రహదారి పన్ను వచ్చింది. ఇంటి ముందు వెడల్పును బట్టి ఇంతని కట్టాలి. సగం ముందుగా చెల్లించిన వీధులకు ముందుగా తారు పడుతుంది. ఈ కబురు తెచ్చినవాడు వీధి సంఘం కార్యదర్శి, అందరూ అర్జీలాయన అని పిలిచే పెద్దమనిషి. ఆయన ఒక కచేరీలో గుమాస్తాగా చేసి దిగినవాడు. అక్షరాలు అచ్చు పోసినట్లుండేవి. వీధిదీపాలూ బస్సు మజిలీ, రెండూ ఆయన రాసిన అర్జీలకు పండిన పంటలే. పైగా మేస్త్రికి వియ్యంకుడు: మేస్త్రి ఒక్కగానొక్క కూతురు ఎగువ వరుసలో ఆ ఇంటి కోడలు. పెళ్లికి ముందు ఇరవయ్యేళ్లుగా ఇద్దరూ స్నేహితులు. బావగారూ అన్న పిలుపు పెళ్లితో వచ్చింది గాని, చనువు అంతకు ముందుదే.

ఆ వీధి అర్జీలకు ఒక పద్ధతి ఉండేది. మగవారూ ఆడవారూ తొలి బస్సుకు పనికి పోయి చీకటి పడ్డాక తిరిగి వచ్చేవారు. అందరూ ఇళ్లలో దొరికేది వారానికి ఒక్క సెలవునాడే. అర్జీలాయనకేమో ఒక్కొక్క వాక్యాన్ని మూడుసార్లు తిరగరాస్తే గాని తృప్తి ఉండదు. అందుచేత సెలవునాడు ముందుగా సంతకాలు తీసుకునేవారు, కాగితం పై సగం ఖాళీగా విడిచిపెట్టి. అర్జీ తరువాత తీరికగా ఆ ఖాళీలోకి ఎక్కేది. పదిహేనేళ్లుగా అలాగే జరిగింది. అందులో తప్పు ఉండవచ్చునని ఎవరికీ తోచలేదు. తోచినా, మనవాళ్ల దగ్గర అనుమానమేమిటని సిగ్గుపడి ఉండేవారు.

ఈసారి ఎగువ సంతకాలు అర్జీలాయన తీసుకున్నాడు. దిగువవి మేస్త్రి వంతు. సంతకంతో పాటు ముందస్తు సగం పన్ను కట్టడానికి కూడా ఒప్పించాలి. ఆ వరుసలోనే ఉన్న తన ఇంటితో కలిపి ఇరవైయేడు గుమ్మాలు రెండు సెలవు రోజులలో ముగించాడు. కండక్టరు గంటసేపు విసిగించి, చివరికి నీ మొహం చూసి పెడుతున్నానని పెట్టాడు. నాలుగో ఇంట్లో మిషనక్క ఉండేది. భర్త పోయిన తరువాత ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని, బడి పిల్లల దుస్తులు కుట్టి సంసారం ఈదుతున్న మనిషి. ఆమె సంతకానికి కలం అందుకుని, ఖాళీ కాగితం వంక చూసి ఆగింది.

"పైన ఏం రాస్తారు అన్నయ్యా?"

"ఏం రాస్తారమ్మా, రోడ్డు రాస్తారు."

"రోడ్డొక్కటేనా?"

"రోడ్డూ, దాని మట్టమూ. మట్టం చూసేది నేనే. నీ గడపకు కింద ఉంటుంది, పైన ఉండదు. చాలా?"

చాలునని ఆమె సంతకం పెట్టింది. ఆ నెల రెండు మిషన్లలో ఒకదాన్ని బాగుచేయించుకుందామని దాచుకున్న డబ్బు రహదారి పన్నుకు పోయింది.

మరుసటి వారం మేస్త్రి తన నీళ్ల గొట్టం బయటికి తీశాడు. పారదర్శకమైన గొట్టంలో నీరు పోసి ఒక కొసను ఇక్కడా మరొక కొసను అక్కడా పట్టుకుంటే, రెండు కొసలలోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. దానికి మించిన సాక్షి లేదు. దిగువ వరుస ప్రహరీల మీద ఏడుచోట్ల ఎర్ర రంగుతో గీతలు పెట్టాడు. అవి రోడ్డు పైమట్టానికి పెట్టిన గీతలు కావు, దానికి జానెడు ఎగువన పెట్టినవి. పని మీద పెరిగిన మేస్త్రీలందరూ అలాగే పెడతారు. గుర్తు పని మట్టంలోనే ఉంటే కంకర కుప్పల కింద మొదటిరోజే సమాధి అయిపోతుంది. గుర్తు నుంచి కిందికి కొలుచుకోవాలి. ఆ లెక్కన రోడ్డు వస్తే ఎగువవారి మెట్లను గజమేసి వెనక్కు కొట్టి, అక్కడ కాలువ తవ్వవలసి ఉంటుంది. వాన నీరంతా ఆ కాలువలో పడి వీధి చివరకు పోతుంది. ఈ సంగతి ఆయన వియ్యంకుడికి వీధిలో నిలబెట్టి గోడ మీద జానపెట్టి చూపించాడు. గుర్తుకు జానెడు దిగువ, మరిచిపోవద్దు బావగారూ అని మూడుసార్లు చెప్పాడు. మూడోసారి అర్జీలాయన నవ్వి, నాకు లెక్కలు చెప్పేంతవాడివయ్యావా అన్నాడు.

పని మొదలయ్యే ముందురోజు కబురు వచ్చింది. వేరే ఊళ్లో ఉన్న మేస్త్రి చెల్లెలి భర్త మేడమెట్ల మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో తోడుండడానికి మనిషి లేడు. వెళ్లక తప్పలేదు. పన్నెండు రోజులు అక్కడే ఉన్నాడు. రోజూ సాయంత్రం భార్యకు ఫోను చేసి రోడ్డు ఎంతవరకు వచ్చిందని అడిగేవాడు. వస్తోందని ఆమె చెప్పేది. గోడల మీది గీతల సంగతి ఆమెకు తెలియదు.

తిరిగి వచ్చిననాడు మిట్టమధ్యాహ్నం. మలుపులో బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని వీధిలోకి అడుగుపెట్టాడు. నల్లని తారు ఎండకు నిగనిగలాడుతోంది. ముప్పయ్యేళ్లు బురదలో చెప్పులు చేతపట్టుకుని నడిచిన కాళ్లు అవి. చదునైన దారి మీద ఎలా నడవాలో ఒక క్షణం వాటికి తెలియలేదు. పది పన్నెండు అడుగులు ఆయన చిన్నపిల్లవాడిలా నడిచాడు. పదమూడో అడుగున మొదటి ప్రహరీ దగ్గర ఆగిపోయాడు.

తారు ఎర్ర గీతను తాకుతోంది. దిగువన జానెడు లేదు, వేలెడు లేదు. గీతకు సరిగ్గా అంచు కట్టినట్లు, ఎంతో నేర్పుగా వేశారు. ఆయన వరుసగా ఏడు గీతలూ చూసుకుంటూ పోయాడు. ఏడూ అంతే. ఎదురుగా ఎగువవారి మెట్లు ఒక్క ఇటుక చెదరకుండా రోడ్డును ముద్దు పెట్టుకుంటున్నాయి. కాలువ లేదు. దిగువవారి గడపలు మాత్రం రోడ్డుకు బెత్తెడు లోతున, పళ్లెం పక్కన పెట్టిన గిన్నెల్లా ఉన్నాయి.

గుత్తేదారు పనివాళ్లకు గుర్తు అర్థం కాలేదన్నదే ఆయనకు కలిగిన మొదటి ఆలోచన. బావగారు ఊళ్లో లేడేమో, ఉంటే ఆపించి ఉండేవాడు అనుకున్నాడు. సంచి కూడా దించకుండా ఎగువకు, వియ్యంకుడి ఇంటికి ఎక్కిపోయాడు.

అర్జీలాయన ఇంట్లో లేడు. కూతురు ఎదురు వచ్చి సంచి అందుకుంది. మంచినీళ్లు ఇచ్చి, మేనత్త భర్త కాలు ఎలా ఉందని అడిగింది. ఆ తరువాత, తండ్రి నోరు విప్పేలోగానే, గొంతు తగ్గించి చెప్పింది.

"నువ్వు లేవు గాని నాన్నా, ఇక్కడ అందరూ నీ పేరే అనుకుంటున్నారు. మెట్లన్నీ కొట్టేస్తారని మా అత్తయ్య ఎంత బెంగపెట్టుకుందో. నా ఇల్లు కూడా ఇటే కదా అని నువ్వే మట్టం పెంచి గీత పెట్టావట కదా. మామయ్యగారు చెప్పారు."

మేస్త్రి చేతిలోని గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. కూతురు కళ్లలో కృతజ్ఞత ఉంది. కూతురి పెళ్లినాడు కూడా ఆయన ఆ చూపు చూసి ఉండలేదు. కాదని చెబితే ఆ చూపు ఏమైపోతుందో ఆయనకు తెలుసు. గ్లాసు కింద పెట్టి, అలా ఎవరన్నారని మాత్రం అడిగాడు. ఆమె మరొకసారి అదే జవాబు చెప్పింది.

అర్జీలాయన సాయంత్రం వచ్చాడు. మేస్త్రి అరుగు మీదనే కూర్చుని ఉన్నాడు. వచ్చినవాడు తడబడలేదు, చెప్పులు విడిచి, పక్కన కూర్చుని, రోడ్డు ఎలా ఉందని అడిగాడు. అప్పుడుగాని మేస్త్రికి పూర్తిగా అర్థం కాలేదు. పొరపాటు పడిన మనిషి అంత నెమ్మదిగా కూర్చోడు.

"గుర్తుకు జానెడు దిగువ అని నీకు మూడుసార్లు చెప్పాను."

"చెప్పావు."

"మరి?"

"ఎగువ వరుసలో ఇరవైయేడు ఇళ్లు, బావగారూ. ఒక్కొక్కరి మెట్లు కొట్టించి, ముందు కాలువ తవ్విస్తే, రేపు నన్ను ఈ వీధిలో నడవనిస్తారా? సంఘం ఉంటుందా? మొత్తం రోడ్డే ఆగిపోయేది."

"అందుకని నీళ్లు మా మీదికి తోలావు."

"నీళ్లు ఎటో ఒకవైపు పోవాలిగా. నీరు పల్లమెరుగు అన్నారు, కొత్తగా నేనేం చేశాను? ఆ పల్లం నేను తవ్వలేదు. మీవాళ్లు అక్కడ కొనుక్కున్నారు."

మీవాళ్లు. ఇన్నేళ్ల స్నేహంలో అర్జీలాయన నోట ఆ మాట రావడం అదే మొదలు. ఇంతకుముందు ఎప్పుడు ఏ అర్జీ రాసినా, మేము ఈ వీధి నివాసులము అని మొదలుపెట్టేవాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనా అని మేస్త్రి అనుకున్నాడు. కోసినట్లు కూడా తెలియదు; గొంతు తడుముకున్నప్పుడు తెలుస్తుంది.

"పైగా, ఆ మెట్లలో మీ అమ్మాయి ఇంటి మెట్లు కూడా ఉన్నాయి" అన్నాడు అర్జీలాయన, ఓదార్పుగా భుజం మీద చెయ్యి వేసి.

మేస్త్రి ఆ చేతిని తీసివేయలేదు. లేచి నిలబడితే అదే జారిపోయింది.

నాలుగో రోజు వాన పడింది. అది పెద్ద వానేమీ కాదు, గంటసేపు కురిసింది. ఎగువ కప్పుల నీరంతా మెట్ల మీదుగా దిగి, కొత్త తారు మీద అద్దంలా పరచుకుని, అవతలి అంచున పొర్లి, దిగువ గుమ్మాలలోకి వరుసగా దిగింది. మేస్త్రి సొంత ఇంటి వంటగదిలో చీలమండల లోతు నిలిచింది. ఆయన దాన్ని అలాగే వదిలి, బాల్చీ పట్టుకుని నాలుగో ఇంటికి పరుగెత్తాడు. మిషనక్క అప్పటికే కత్తిరించిన బట్టల కట్టలను మంచం మీదికి చేర్చింది, కొన్ని చేర్చలేకపోయింది. తెల్ల చొక్కా చేతులు వందకు పైగా, మట్టి రంగు తాగి, నేల మీద తేలుతున్నాయి. ఆమె ఆయన్ను తిట్టలేదు. బాల్చీ తీసుకుని, పక్కింటి పిన్నిగారికి ఇచ్చింది.

"మీరు వెళ్లండి మేస్త్రిగారూ. మేం తోడుకుంటాం" అంది.

అన్నయ్యా అని పిలిచే మనిషి గారు చేర్చి పిలిచింది. ఆ గౌరవం ఆయనకు చెంపపెట్టులా తగిలింది.

వాన వెలిసిన తరువాత దిగువ వరుసలో మాటలు మొదలయ్యాయి. వియ్యంకులిద్దరూ కూడబలుక్కున్నారని ఒకరు, కూతురి మెట్ల కోసం ఇరవైయేడు కొంపలు ముంచాడని ఒకరు. కంచే చేను మేస్తే ఇక కాపలా ఎందుకని మరొకరు. గీతలు ఎవరు పెట్టారు? మేస్త్రి. సంతకాలు ఎవరు తీసుకున్నారు? మేస్త్రి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే అయినప్పుడు మూడో ప్రశ్న వేసేవారెవరు? టీ దుకాణానికి ఆయన వెళితే బల్ల మీద చోటు కలిగేది. అందరూ లేచిపోవడం వల్ల. కండక్టరు ఒక్కడు మాత్రం లేవకుండా, ఆయనకు వినబడేటట్లు, రసమట్టంలో ఉండే బుడగ మధ్యలో నిలబడితే మట్టం సరి అంటారు గదా, ఇప్పుడు ఆ బుడగ వియ్యంకుడింటి వైపు పోయింది అన్నాడు. మేస్త్రి టీ తాగి, డబ్బిచ్చి వచ్చేశాడు. గీతలు తనవే, సంతకాలు తన మొహం చూసి పెట్టినవే.

ఎగువవారు పెద్దగా ఏమీ అనలేదు. వీధి మొదట కొత్త బోర్డు ఒకటి వెలిసింది, బాణం గుర్తుతో. దాని మీద వారి వరుస ఇళ్ల నెంబర్లు మాత్రమే ఉన్నాయి. తపాలా మనిషిని అడిగితే, ఎగువవారు తమ విలాసంలో వీధి పేరుకు ముందు పై అన్న మాట చేర్చుకోమన్నారని చెప్పాడు. నగరం వాళ్లను శివారు అన్నది. వాళ్లకు కూడా ఒక శివారు దొరికింది.

నెల తిరిగేసరికి రహదారి పన్ను రెండో సగానికి తాఖీదులు వచ్చాయి. వెడల్పును బట్టి పన్ను గనుక, మెట్లున్నవారికీ నీళ్లున్నవారికీ ఒకటే రేటు. దిగువ వరుస వారంతా కండక్టరు వాకిట్లో కూడి, పైసా కట్టకూడదని తీర్మానించుకున్నారు. మేస్త్రిని పిలవలేదు. ఆయన మరునాడు ఉదయమే పోయి తన రెండో సగం కట్టేశాడు. ఇది తెలిసి దిగువవారి అనుమానం రూఢి అయింది. ఆయన భార్యకు కూడా కోపం వచ్చింది. మునిగిన వంటగదికి పన్ను కట్టే మనిషిని ఎక్కడా చూడలేదంది.

"కట్టకుండా పోతే, బాకీదారువి నువ్వేమిటి అడిగేది అంటారు. ఆ మాట పడను" అన్నాడాయన, చొక్కా తొడుక్కుంటూ. "ఇవాళ వార్డు కార్యాలయానికి పోతున్నాను."

ఏం చెప్పబోతున్నాడో ఆమెకు తెలిసింది.

"పిల్ల ఆ ఇంట్లో ఉంది."

"తెలుసు."

"మానమని అనడం లేదు. గుర్తు చేస్తున్నాను" అని, రసీదు మడిచి ఆయన జేబులో తానే పెట్టింది.

వార్డు కార్యాలయంలో ఇంజనీరు ఒక అమ్మాయి, ఆయన కూతురి ఈడుది. బల్ల నిండా నక్షాల చుట్టలు, కిటికీలో ఎండిపోయిన సిరాబుడ్డి. ఆమె ఆయన్ను కూర్చోమని, రసీదు చూసి, దస్త్రం తెప్పించింది. మట్టం సరిగానే వేశామని, నివాసుల అర్జీ ప్రకారమే వేశామని చెప్పి, కాగితం తిప్పి చూపించింది.

మేస్త్రి ఆ అచ్చువంటి అక్షరాలను గుర్తుపట్టాడు. ఎగువ, దిగువ వరుసల నివాసులమైన మేము, అనుభవజ్ఞుడైన మేస్త్రిగారు గోడలపై పెట్టిన ఎర్ర గుర్తులకు సరిగా రోడ్డు పైమట్టం ఉండుటకు సమ్మతిస్తున్నాము. ఎగువ వరుస ముంగిట కాలువ అవసరం లేదని మనవి చేసుకుంటున్నాము. వర్షపు నీరు దిగువ వరుస వైపు పారుటకు ఆ వరుస నివాసులకు అభ్యంతరం లేదు. ఎగువ సంతకాలు వెనుక పుట మీద ఉన్నాయి; ఈ పుట కింద దిగువవారి ఇరవైయేడు సంతకాలు. మొదటిది తనదే. నాలుగోది మిషనక్కది; కలం పట్టడం అలవాటు లేని చేత్తో, ఒక్కొక్క అక్షరం విడివిడిగా.

వాక్యాలలో తప్పు లేదు. అర్జీలాయన మూడుసార్లు తిరగరాసి ఉంటాడు. మొదట అది చదివి మేస్త్రికి వచ్చింది కోపం కాదు, ఒక వింత ఒంటరితనం. తన పేరును అంత మర్యాదగా ఆయన ఎన్నడూ ఎక్కడా రాయలేదు.

"ఈ సంతకాలు పెట్టినప్పుడు పైన ఏమీ లేదమ్మా" అన్నాడు.

ఇంజనీరమ్మ కలం ఆపింది. "అంటే?"

"ఖాళీ కాగితం. ముందు సంతకాలు, తరువాత అర్జీ. మా వీధిలో అదే పద్ధతి."

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకుంది. ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకోవడం నేరమని ఆయనకు తెలుసా అని అడిగింది. ఇప్పుడు తెలిసిందన్నాడు. అర్జీ చెల్లదని తేలితే, రోడ్డు మట్టం మీద విచారణ వేయవచ్చును. ఎగువన కాలువ తవ్వించవచ్చును, మెట్లు తీయించవచ్చును. అయితే రాతపూర్వకంగా ఫిర్యాదు కావాలి. అందులో రెండు పేర్లుండాలి: అర్జీ రాసినవారిది, సంతకాలు సేకరించినవారిది. సంతకాలు పెట్టినవారి సాక్ష్యం కూడా జతచేయాలి.

"పేర్లు తెలుసా మీకు?"

"తెలుసు" అన్నాడు మేస్త్రి. "రాసింది మా వియ్యంకుడు. సేకరించింది నేను."

ఇంజనీరమ్మ దస్త్రం మూసి పక్కన పెట్టింది. తరువాత గొంతు మార్చి, బాబాయిగారూ, విచారణ వేస్తే మొదట పిలిచేది మిమ్మల్నే అని చెప్పింది. ఇంటికి పోయి ఆలోచించుకోమంది. మేస్త్రి అక్కడే ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నాడు. ఆయన అక్షరాలు అర్జీలాయనవి కావు. వంకర లేకుండా ఉంటాయి గాని పెద్దవి, పిల్లలవి లాంటివి. బల్ల మూల కూర్చుని, జరిగింది జరిగినట్లు, మొదటి నుంచి రాశాడు. ఎక్కడా ఖాళీ విడవలేదు. రెండో పుట సగంలో ముగిసింది. ముగిసిన చోటనే అడ్డంగా గీత కొట్టి, దాని కింద సంతకాలకు చోటు విడిచాడు.

మధ్యాహ్నానికి ఆ సంగతి ఎగువకు చేరింది. కార్యాలయంలో అర్జీలాయనకు తెలియని గుమాస్తా లేడు. కూతురు ఫోను చేసింది. ఆమె ఏడవలేదు, కేకలు వేయలేదు. మామయ్యగారు అన్నం తినకుండా కూర్చున్నారని చెప్పింది. మెట్ల సంగతి నాకెందుకు నాన్నా, నువ్వు నా కోసం చేశావనుకున్నానే, అదొక్కటే అని, మిగిలిన మాట పూర్తి చేయకుండా పెట్టేసింది. మేస్త్రి ఫోను గూట్లో పెట్టాడు. వియ్యంకుడు దిగువ వరుసను మోసగించాడని మాత్రమే ఇంతవరకు అనుకున్నాడు. చేయని మేలు ఒకటి కూతురి చేతిలో పెట్టి, దాన్ని తన చేతనే లాక్కునేటట్లు చేశాడని అప్పుడు తెలిసింది.

సెలవునాడు ఆయన కాగితాలు పట్టుకుని దిగువ వరుసలో బయలుదేరాడు. మొదటి ఇంట్లో తలుపు తీసి మళ్లీ వేసుకున్నారు. రెండో ఇంట్లో ఆలోచించి చెబుతామన్నారు. మూడో ఇల్లు తనదే. నాలుగో ఇంటి ముందుగదిలో ఒక్క మిషనే ఆడుతోంది. రెండోది నీటిలో నానినప్పటి నుంచి మూలకు చేరింది. మిషనక్క కాలు ఆపింది గాని లేవలేదు. ఆయన గడప బయటే నిలబడి కాగితాలు అందించాడు.

ఆమె వేలు పెట్టుకుని చదివింది. మొదటి పుట చదివి, తిప్పి, రెండో పుట చదివింది. అర్థంకాని చోట వెనక్కు పోయి మళ్లీ చదివింది. పావుగంట పట్టింది. వీధిలో పోయేవారు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. కండక్టరు కూడా గోడ పక్కకు చేరాడు. ఎండ నెత్తిన పడుతున్నా మేస్త్రి నీడకు జరగలేదు. గీత కొట్టిన చోటికి వచ్చి ఆమె తల ఎత్తింది.

"ఇందులో ఒక మాట తక్కువైంది."

"ఏది?"

"ఖాళీ కాగితమని రాశారు. ఖాళీ కాగితం మీద నేనెందుకు పెట్టానో రాయలేదు. మీ వియ్యంకుడు అడిగితే పెట్టేదాన్ని కాదు. మేస్త్రి అడిగాడు గనుక పెట్టానని రాయండి."

మేస్త్రి గోడకు కాగితం ఆనించి, గీత కింద ఆ మాట రాశాడు. మేస్త్రి మాట నమ్మి పెట్టితిమి. కాగితము చూచి కాదు. రాసి ఆమెకు చదివి వినిపించాడు. ఆమె వినడంతో తృప్తిపడక, కాగితం లాక్కుని తానే మరొకసారి చదువుకుంది. ఆ తరువాత, ఒక్కొక్క అక్షరమే విడివిడిగా, సంతకం పెట్టింది.

కాగితం తిరిగి ఆయన చేతికి రాలేదు. గోడ పక్కనున్న కండక్టరు అందుకుని, కళ్లజోడు సవరించుకుని, మొదటి పుట మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు. మేస్త్రి ఎండలో అలాగే నిలబడి ఉన్నాడు.